ఎనిమిది ట్రాకులా, ఎనిమిది మైకులా?

ఉప్పాడలో ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేద్దామనుకునేవాళ్లకి రెండు పేచీలు ముందే సిద్ధంగా ఉంటాయి. పగలు మగ్గం, రాత్రి సముద్రం. జమ్దానీ చీరలకి 2009లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న ఊరు కాబట్టి పగటిపూట ఆ పక్కింట్లోనో ఈ పక్కింట్లోనో గుంట మగ్గం ఆడుతూనే ఉంటుంది. అది ఆగేసరికి కెరటం చప్పుడు పైకి తేలుతుంది. రెంటికీ మధ్య దొరికే సందు చిన్నది. ఆ కాస్త సేపట్లో మీట నొక్కితే పని మొదలయ్యే యంత్రం కావాలి, కంప్యూటరు లేని మల్టీట్రాక్ రికార్డరు కావాలి అన్నది మేనకోడలి వాదన. యంత్రం సంగతి తర్వాత, ఏం రికార్డు చేస్తావో ముందు చెప్పు అన్నది మేనమామ వాదన.

వయసులు వింటే ఎవరు ఏ పక్కన ఉండాలో అనిపిస్తుంది గానీ, ఈ ఇంట్లో లెక్క తిరగబడింది. ముప్పై దాటని మేనకోడలు హైదరాబాద్ కంపెనీకి ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. తెర అంటే ఆమెకి మొహం మొత్తింది. అరవై దాటిన మేనమామ కాకినాడ ఆర్కెస్ట్రాలకి మైకులు సర్దినవాడు, భజన బృందాలకీ నాటకాల వాళ్లకీ క్యాసెట్లు చేసిపెట్టినవాడు. ఆయనకి ల్యాప్‌టాప్ దైవసమానం.

"పొద్దుట్నించి రాత్రిదాకా ఆ తెర ముందే కదా మావయ్యా ఉంటాను. పాడదామని మళ్లీ అదే తెరిస్తే ఆఫీసు మెసేజీలు, అప్‌డేట్ అడిగే పెట్టెలు. అవన్నీ మూసేసరికి పాడాలన్న బుద్ధే పోతుంది."

"అది నీ ఉద్యోగం తెచ్చిన జబ్బు అమ్మలూ. దానికి మందు వైఫై కట్టేయడం. వేలకి వేలు పోసి డబ్బా కొనడం కాదు. ఆ డబ్బాలతో నేను కాపురం చేశాను, నాకు తెలుసు."

ఆయన కాపురం చేసింది క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు తీసే మిషన్లతో. ఈ రకానికి ఆద్యం 1979లో టియాక్ కంపెనీ తెచ్చిన పోర్టాస్టూడియో 144. మామూలు క్యాసెట్‌నే రెట్టింపు వేగంతో, ఒకే దిక్కుగా తిప్పి, టేపు వెడల్పంతా వాడుకుని నాలుగు వేర్వేరు దారులు తీసేది. అరవై నిమిషాల క్యాసెట్ దాంట్లో పదిహేను నిమిషాలకే అయిపోయేది. నాలుగు చాలకపోతే మూడు ట్రాకుల్ని కలిపి నాలుగోదానిలోకి ఎక్కించి, ఆ మూడింటినీ మళ్లీ ఖాళీ చేసుకునేవారు. ఎక్కించిన ప్రతిసారీ టేపు బుసకొట్టడం ఇంకాస్త పెరిగేది.

"డోలక్ ఎక్కువైందని ఎప్పుడు తెలుస్తుందనుకున్నావు? అంతా కలిపేశాక. అప్పటికి హార్మోనియం, డోలక్, కోరస్ ఒకటే ముద్ద. విడదీసే దారి లేదు. కంప్యూటర్లో అయితే నువ్వు చేసిన తప్పుని రేప్పొద్దున్నే దిద్దుకోవచ్చు. ఎల్లుండి కూడా దిద్దుకోవచ్చు."

"అదే నా బాధ! ఎల్లుండి కూడా దిద్దుకోవచ్చు గనకే ఏ పాటా పూర్తి కాదు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలో తన ఇంట్లో కూర్చుని ఆ 144 మీదే, రెండు మామూలు షూర్ మైకులు పెట్టుకుని పాటలు తీశాడు. బ్యాండుకి నేర్పడానికి నమూనాగా తీసుకున్నవి. తర్వాత బ్యాండుతో స్టూడియోలో వాయించినా ఆ కళ రాలేదని, చివరికి ఆ క్యాసెట్నే 'నెబ్రాస్కా' ఆల్బంగా విడుదల చేశారు. దిద్దుకునే వీలుంటే అది బయటికొచ్చేదా?"

"ఆ క్యాసెట్‌ని డిస్కు మీదకి ఎక్కించడానికి ఇంజినీర్లు ఎంత అవస్థపడ్డారో కూడా చదివావా? ఆయన దగ్గర పాటలున్నాయి, వెనకాల కంపెనీ ఉంది. నీ వెనకాల ఎవరున్నారు? నేనున్నాను. నాకు ఓపిక లేదు."

ఈ ఉదాహరణ దగ్గర మేనమామ మాటే నిలుస్తుంది. గొప్పవాళ్లు చౌక యంత్రాల మీద చేసిన పనిని చూపించి యంత్రాలు అమ్మడం పాత వ్యాపార చిట్కా. మన పక్క కథ వేరుగా నడిచింది. మద్రాసులో చాలాకాలం సినిమా పాటకి గాయకులు, వాద్యగాళ్లు అందరూ ఒకే హాల్లో ఒకేసారి పాడి వాయించేవారు. చివరి చరణంలో వయొలిన్ తడబడితే పల్లవి నుంచి మళ్లీ మొదలు. ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో తొలి తెలుగు 70 ఎంఎం సినిమా 'సింహాసనం' వచ్చింది 1986లో. ఆ తర్వాత మూడేళ్లకి ఏ.ఆర్. రెహమాన్ మద్రాసులో తన ఇంటి పెరట్లో 'పంచతన్ రికార్డ్ ఇన్' కట్టుకున్నాడు. 1992లో 'రోజా' బయటికొచ్చాక పెరటి స్టూడియో అంటే చిన్నచూపు పోయింది. గాయకులూ సొంత థియేటర్లు పెట్టుకున్నారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తనకి తొలి అవకాశమిచ్చిన సంగీత దర్శకుడి పేరిట కోదండపాణి ఆడియో ల్యాబ్స్ నడిపాడు. కానీ అవన్నీ ఇంజినీర్లను జీతానికి పెట్టుకున్న ఇళ్లు. ఉప్పాడ గదిలో పాడేదీ మీట నొక్కేదీ ఒక్క మనిషే.

"సరే, కొంటావనే అనుకుందాం. ఏది చూశావు?"

"టాస్కామ్ డీపీ-24ఎస్‌డీ. ఇరవై నాలుగు ట్రాకులు."

"ఒకేసారి ఎన్ని?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చువేసే అంకె ఎప్పుడూ మొత్తం ట్రాకులదే. ఒకేసారి ఎన్ని మైకులు పడతాయన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది. డీపీ-24ఎస్‌డీలో ఆ ఇరవై నాలుగూ పన్నెండు మోనో, ఆరు స్టీరియో జతలు. ఒకేసారి తీసుకునేది ఎనిమిదే. జూమ్ ఆర్24 కూడా అంతే, ఇరవై నాలుగు వినిపిస్తుంది, ఎనిమిది తీసుకుంటుంది. అదే జూమ్ ఆర్8లో ఎనిమిది ట్రాకులున్నా ఒక్కసారి రెండే. ఒంటరిగా పాడుకుని, దానిమీద తనే గిటార్ వాయించుకుని, దానిమీద తనే వంత పాడుకునేవాళ్లకి రెండు బ్రహ్మాండంగా సరిపోతాయి. ఉప్పాడ అమ్మాయి జాబితా మాత్రం వేరు. తన పాటలు, రామాలయం భజన, పెద్దవాళ్ల నోట ఇంకా మిగిలిన వల లాగే పాటలు.

మేనమామ వేళ్లు మడిచాడు. "హార్మోనియానికి ఒకటి. డోలక్‌కి రెండు, కుడికొకటి ఎడమకొకటి. ముందు పాడేవాడికి ఒకటి. వెనక అందుకునేవాళ్లకి రెండు. ఆరయ్యాయి."

"తాళాలకో?"

"తాళాలకి మైకు పెట్టిన మొనగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అవి అన్ని మైకుల్లోనూ పడతాయి, వద్దన్నా పడతాయి. తాళం వేసేవాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టు. ఇంకోటి చెప్తాను రాసుకో. మైకుకీ వాద్యానికీ జానెడు ఎడం ఉంటే, ఆ మైకుకీ పక్క మైకుకీ కనీసం మూడు జానలు ఉండాలి. లేకపోతే ఒకడి గొంతు రెండు మైకుల్లో పడి, కలిపినప్పుడు డొల్లగా వినపడుతుంది."

ఇక్కడ మేనకోడలు తిరగబడింది. "మరి మైకుల్ని కలపడానికి నీ ల్యాప్‌టాప్ పక్కన పెట్టమంటున్న ఇంటర్‌ఫేస్‌కి ఉన్నవి రెండు రంధ్రాలేగా? దాంతో భజన ఎలా పడతావు? ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొంటే దాని ధర రికార్డరు ధరని తాకుతుంది. దానికి గోడ కరెంటు విడిగా కావాలి. అదీ, ల్యాప్‌టాపూ, మధ్య తీగా మోసుకుని గుడికెళ్లాలి. అందరూ కూర్చున్నాక అది ఇంటర్‌ఫేస్‌ని గుర్తుపట్టలేదనుకో, భజన చేసేవాళ్లు నా మొహం చూస్తూ కూర్చోవాలి."

దీనికి ఆయన దగ్గర గట్టి సమాధానం లేదు. గుళ్లోనో చర్చిలోనో నలుగురూ ఒకేసారి పాడేచోట విడి రికార్డరుకి ఉన్న బలం ఇదే. పనిమీద పని పెట్టుకోదు. దానికి తెలిసింది ఒక్కటే విద్య.

పాడింది హెడ్‌ఫోన్లో వినపడేసరికి అయ్యే ఆలస్యం సంగతి కూడా తేలాలి. కంప్యూటరు శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా అందుకుంటుంది. సెకనుకి 44,100 నమూనాల లెక్కన ముక్కకి 256 నమూనాలు పెడితే ఒక్కోదానికి దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిస్తే 12 దాకా వస్తుంది. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది గనక, నాలుగు మీటర్ల అవతల నిలబడి పాడుతున్న మనిషి గొంతు హెడ్‌ఫోన్లో విన్నట్టు ఉంటుంది. డప్పు కొట్టేవాడు సర్దుకుపోవచ్చు గానీ, పాడేవాళ్లకి చిరాకు. రికార్డర్లలో ఈ బాధ పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. "ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ మీట ఉంటుంది, అది నొక్కితే మైకు నేరుగా చెవికొస్తుంది, ఆ గొడవే లేదు" అని మేనమామ కొట్టిపారేశాడు. అది నిజమే. వేలు ఆ మీట మీదకి వెళ్లాలని గుర్తుండాలి, అంతే.

తుపానుల ఊసెత్తకుండా ఉప్పాడలో కరెంటు గురించి మాట్లాడడం కుదరదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2025 అక్టోబరులో మొంథా. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డుని కెరటాలు కోసుకుపోవడం ఈ ఊరికి ఏటా ఉండే తంతు. మామూలు రోజుల్లో కూడా గాలి కాస్త విసిరితే కరెంటు పోతుంది.

"ఆర్24 ఆరు పెన్సిల్ బ్యాటరీల మీద నడుస్తుంది" అంది మేనకోడలు.

"నువ్వు కొంటానన్న డీపీ-24 నడవదు. దానికి అడాప్టర్ ఉండాల్సిందే. ఆర్24 కూడా కండెన్సర్ మైకులకి ఫ్యాంటమ్ కరెంటు పెట్టావంటే బ్యాటరీలు ఊదుకుపోతాయి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ పుట్టుకతోనే ఉంది."

"ఉంది. ఫ్యాను కూడా ఉంది. ఏప్రిల్లో ఈ గదిలో అది తిరగడం మొదలెడితే దాని చప్పుడు గొంతు మైకులో స్పష్టంగా పడుతుంది. మగ్గాన్ని ఆపమని పక్కింటివాళ్లని బతిమాలుకుని, సొంత ఇంట్లో ఫ్యాన్ని పెట్టుకోనా?"

"సర్లే. మరి ఉప్పుగాలి? ఈ ఊళ్లో ఇనుప గేటే తుప్పు పట్టి రాలిపోతుంది. డబ్బా నిండా ఫేడర్లూ, గుండీలూ, జాకులూనాయె. ఏడాదిలో గరగరలాడతాయి. నా చేతి కింద నడిచిన పాత మిక్సర్లన్నీ అలాగే పోయాయి. కంప్యూటరు పాడైతే కాకినాడ మెయిన్ రోడ్డులో బాగుచేసేవాళ్లు బోల్డుమంది. నీ డబ్బా ఫేడరు పోతే ఎవరి దగ్గరికి పట్టుకెళ్తావు?"

"గుడ్డ కప్పి, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతాను. ఉప్పు ల్యాప్‌టాప్‌ని మాత్రం వదిలేస్తుందా? పైగా నీ కంప్యూటరు తుప్పు పట్టకపోయినా ముసలిదైపోతుంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు కొన్నవాళ్లని అడుగు, వస్తువు నిక్షేపంలా ఉంటుంది, తగిలించడానికి కంప్యూటర్లో చోటే ఉండదు. 2010లో వచ్చిన ఆర్24 ఇవాళ మీట నొక్కినా ఆ రోజులాగే పనిచేస్తుంది."

ఇద్దరూ కాసేపు గొంతులు పెంచుకున్న చోటిది. తగాదా అంతటిలో నిజంగా డబ్బు పోగొట్టే విషయం మాత్రం తర్వాత వచ్చింది, తీసిన పాట ఆ డబ్బాలోంచి బయటికి ఎలా వస్తుందన్నది.

మేనమామకి ఇక్కడ పాత గాయం ఉంది. 1996లో రోలండ్ వీఎస్-880 వచ్చినప్పుడు ఎనిమిది ట్రాకులూ, మిక్సరూ ఒకే పెట్టెలో, లోపల హార్డ్‌డిస్కుతో రావడం పెద్ద వింత. అయితే ఆ తరం యంత్రాలు పాటని తమ సొంత పద్ధతిలో దాచుకునేవి. డిస్కు తీసి కంప్యూటరుకి తగిలిస్తే ఏమీ కనపడేది కాదు. ఆయన స్నేహితుడి దగ్గరున్న అలాంటి పెట్టె ఒకటి మూగబోయినప్పుడు దాంట్లో ఒక హరికథ దాసు గారి రెండు పూర్తి కథలు ఉండిపోయాయి. డిస్కు ఇప్పటికీ బీరువాలో ఉందట. దాన్ని చదివే యంత్రమే లేదు.

ఇప్పటి రికార్డర్లు అంత మొండివి కావు, కానీ అన్నీ ఒకటి కావు. ఆర్24 కార్డు మీద నేరుగా వేవ్ ఫైళ్లుగా రాస్తుంది. కార్డు తీసి కంప్యూటర్లో పెడితే ఒక్కో ట్రాకు ఒక్కో ఫైలుగా కనపడుతుంది. డీపీ-24ఎస్‌డీ కార్డుని రెండు భాగాలు చేసుకుంటుంది. పాట ఉండే భాగం కంప్యూటరుకి కనపడదు. ఒక్కో ట్రాకునీ రెండో భాగంలో 'ఆడియోడిపో' అనే ఫోల్డరులోకి ఎగుమతి చేస్తేనే బయటపడుతుంది. చేయడం కష్టమేమీ కాదు, మర్చిపోవడం తేలిక. పైగా ఈ రెండూ 32 జీబీకి మించిన కార్డుని తీసుకోవు. అది లోటుగా కనిపిస్తుంది గానీ లెక్కవేస్తే కాదు. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ట్రాకు నిమిషానికి 8 మెగాబైట్లు తింటుంది. ఎనిమిది మైకులూ గంటసేపు నడిపితే 4 జీబీ లోపే. కార్డు నిండేలోగా ఎనిమిది గంటల భజన పడుతుంది.

"24 బిట్ అన్నావు కాబట్టి చెప్తున్నాను" అన్నాడు మేనమామ, ఇది వాదన కాదన్నట్టు గొంతు తగ్గించి. "మేం టేపు మీద ముల్లు ఎర్రగీత దాకా తోసేవాళ్లం. లేకపోతే బుస పైకొచ్చేది. డిజిటల్లో ఆ అలవాటు చంపెయ్యాలి. ఎర్రలైటు వెలిగిందా, ఆ మాట చిరిగిపోయినట్టే, ఎవడూ బాగుచేయలేడు. 16 బిట్‌లో నిశ్శబ్దానికీ గరిష్ఠానికీ మధ్య 96 డెసిబెల్స్, 24లో లెక్క ప్రకారం 144. అంత చోటుంది, దేనికి భయం? భజనలో ఆఖర్న అందరూ ఊగిపోతారు కదా, ఆ ఊపు ముందే చేయించి, దానికి లెవెల్ పెట్టుకుని, ఇంకో పన్నెండు డెసిబెల్స్ కిందకి దించు."

యంత్రం కన్నా ఈ సలహా ఖరీదైనది. ఇంటి స్టూడియో పెట్టుకునేవాళ్లలో చాలామంది డబ్బంతా పెట్టెకి పోసి, మైకు స్టాండుల దగ్గరికొచ్చేసరికి కుర్చీకి మైకు కట్టేస్తారు. కెరటం హోరులో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దం. 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ పెట్టి, కండెన్సర్ బదులు 1966 నుంచి మారకుండా వస్తున్న షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుని నోటికి దగ్గరగా పెట్టి, పాడేవాళ్ల వెనక దండెం మీద రెండు బొంతలు ఆరేస్తే హోరు చాలావరకు లొంగుతుంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు లేకపోతే డోలక్ ట్రాకు గొంతు మైకులోకి కారుతుంది. ఇవన్నీ కొన్నాక మిగిలిన డబ్బు పెట్టెకి.

వాదన ఈ మలుపు తిరిగేసరికి ఇద్దరూ కాస్త మెత్తబడ్డారు. దిద్దుబాటు దగ్గర కంప్యూటరుని మించింది లేదని మేనకోడలు ఒప్పుకుంది. అరచేతిలో ఇమిడే తెరలో అలల బొమ్మ చూసుకుంటూ ఊపిరి చప్పుడు కత్తిరించే ఓపిక తనకీ లేదు. అరవై రోజులు ఊరికే వాడుకుని, తర్వాత అరవై డాలర్లకి లైసెన్సు ఇచ్చే రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉండగా ఆ బాధ పడనక్కర్లేదు. రికార్డు చేయడం దగ్గర మాత్రం ల్యాప్‌టాప్ గదిలోకే రాకూడదన్నది ఆమె షరతు.

"అయితే రెండు వేషాలూ వేసేది చూడు" అన్నాడాయన. "ఆర్24కి యూఎస్‌బీ తగిలిస్తే అదే ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్. టాస్కామ్ మోడల్ 12 అయితే మిక్సరూ అదే, రికార్డరూ అదే, ఇంటర్‌ఫేసూ అదే. పది ఛానెళ్లు విడివిడిగా, కలిపిన స్టీరియో ఇంకో రెండు, మొత్తం పన్నెండు ఒకేసారి కార్డు మీద పడతాయి. నువ్వు చెప్పిన డీపీ-24 యూఎస్‌బీ ఫైళ్లు కాపీ చేసుకోవడానికే, ఇంటర్‌ఫేస్‌గా పనికిరాదు. ట్రాకులెన్నో చూసి మోసపోయింది అక్కడే."

"మోడల్ 12 బ్యాటరీల మీద నడుస్తుందా?"

"నడవదు."

"మరి ఒడ్డు మీద వల పాటలు?"

"ఇసకలోకి ఎనిమిది ఫేడర్ల పెట్టె తీసుకెళ్తావా? వల లాగేవాళ్లు వరసగా నడుస్తుంటారు, నీ స్టాండు తన్నుకు పోతారు. అక్కడికి చేతిలో పట్టుకునే చిన్న రికార్డరు, దానికో బొచ్చు తొడుగు, చాలు. ఇంట్లోకొచ్చాక ఆ పాడినవాళ్లనే కూర్చోబెట్టి మళ్లీ పాడించుకో."

"కూర్చుని పాడితే అది వల లాగే పాట ఎలా అవుతుంది మావయ్యా? ఊపిరే మారిపోతుంది."

ఆయనకి ఈ మాట నచ్చింది, కానీ పైకి ఒప్పుకోలేదు. చివరికి ఆమె మొగ్గింది ఆర్24 వైపే. దాని తర్వాత వచ్చిన ఆర్20లో కూడా ఎనిమిది ఇన్‌పుట్లున్నాయి గానీ రంగుల టచ్ స్క్రీన్ ఉంది. "మళ్లీ తెరే!" అని పక్కన పెట్టేసింది. ఆర్24 కొత్తది దొరకడం కష్టం కాబట్టి వాడినది కొనాలి. అమ్మేవాడి దగ్గరికి తను కూడా వస్తానన్నాడు మేనమామ. పరీక్షలు ఆయనే చెప్పాడు. ఎనిమిది ఇన్‌పుట్లకీ ఒకే మైకు వరసగా గుచ్చి చూడాలి, ఒక్కటి మూగైనా భజనకి చాలదు. పాట వినిపిస్తూ ప్రతి ఫేడరునీ కింది నుంచి పైకి మెల్లగా తోయాలి, మధ్యలో గరగరమంటే ధర తగ్గించమనాలి, శబ్దం తెగి తెగి వస్తే లేచి వచ్చేయాలి. ఫ్యాంటమ్ వేసి కండెన్సర్ మైకు పలుకుతుందో లేదో చూడాలి. బ్యాటరీ అర తెరిచి తీగచుట్టల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడాలి. మన కార్డే తీసుకెళ్లి, పది నిమిషాలు ఎనిమిది ట్రాకులూ నడిపి, ఆ కార్డుని అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో తెరవాలి.

"ల్యాప్‌టాప్ తీసుకెళ్లాలా?"

"నీది వద్దులే, ఆఫీసు మెసేజీలొస్తాయి. నాది తెస్తాను."